అప్పీలుదారు ఊళ్లో లేరు

నేను తాండూరుకు కోడలిగా వచ్చేనాటికి మా మామగారు ఇంట్లో లేరు. లేరంటే పోయారని కాదు, ఉన్నారని కూడా కాదు. ఈ రెండింటికీ మధ్య ఆయన ఎక్కడ ఉన్నట్టో పెళ్లయిన కొత్తలో నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. దుకాణం బోర్డు మీద ఆయన పేరే. బండల గని కౌలు ఆయన పేరే. పొలం పట్టా ఆయన పేరే. మా లగ్నపత్రికలో బంధుమిత్రులను పిలుస్తున్నది కూడా ఆయనే. ఆ పత్రిక చూసి వికారాబాద్‌లో మా వైపు చుట్టాలు సగంమంది, పెద్దమనిషి ఎదురుకోళ్లకైనా వస్తాడని వాకిట్లోకి తొంగి తొంగి చూశారు.

సంగతి ఇది. నలభై ఎనిమిదిలో, పోలీసు చర్యకు ముందరి గడబిడ రోజుల్లో, బండల బేరం మాట్లాడుకుని వస్తానని చెప్పి ఆయన తాండూరు స్టేషన్‌లో గుల్బర్గా వైపు పోయే బండి ఎక్కారు. తిరిగి రాలేదు. ఒకరు గుల్బర్గా బజారులో చూశామన్నారు. ఒకరు షోలాపూర్‌లో గడ్డం పెంచుకుని తిరుగుతున్నాడన్నారు. ఇంకొందరు ఏమీ అనకుండా తల పక్కకు తిప్పుకునేవారు. ఆ రోజుల్లో బండి ఎక్కినవాళ్లందరూ దిగలేదు, అది ఊరందరికీ తెలుసు.

మా అత్తమ్మ మొదటి ఇద్దరి మాటే నమ్మింది. బషీరాబాద్ అవతలి నుంచి వచ్చే ఎరుకలామె చెయ్యి చూసి "బర్తారవ్వా, బర్తారె" అని కన్నడంలో చెప్పిందట, వస్తారమ్మా, వస్తారని. దానికి మా అత్తమ్మ ఆమెకు చాటెడు కందులు పోసింది. అప్పటినుంచి ఆమె ఏటా వచ్చి అదే మాట చెప్పి చాటెడు కందులు పట్టుకుపోయేది. ఉగాదికి అత్తమ్మ భర్త కోసం ఒక ధోవతుల జత కొని పెట్టెలో పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఆయన రాకపోతే ఆ జత కొడుక్కి ఇచ్చి కొత్త జత కొనేది. మా ఆయన తన కోసమని ధోవతి కొనుక్కోగా నేను చూడలేదు.

పన్నెండేళ్లు దాటినప్పుడు చుట్టాలు వచ్చి, ఇక శాస్త్రం ప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలి, కర్మ చేయాలి అని కదిపారు. అత్తమ్మ వాళ్లకు మజ్జిగ కూడా ఇవ్వకుండా పంపించింది. అర్ధణా బిళ్లంత బొట్టు పెట్టుకుని, చేతుల నిండా గాజులతో, గడప మీద నిలబడి పంపించింది. నేను అప్పటికి ఆ ఇంట్లో కొత్త. వికారాబాద్‌లో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదాన్నని నాకు కాస్త టెక్కు ఉండేది. ఈ ఇంట్లో లెక్క ఏదో తప్పిందని నాకు తోచింది కానీ, ఎక్కడ తప్పిందో తోచలేదు.

మా ఆయన తన తండ్రి పేరుతో సంతకం, మా దిక్కు మాటలో దస్కత్, తానే చేసేవాడు. అది మోసమని ఆయనకు ఏనాడూ అనిపించలేదు. మా దిక్కు పెద్దమనిషి పేరు తీసేయడమంటే మనిషినే తీసేయడం. ఎన్ని ఇళ్లలో చూడండి, తాత పోయి మనవళ్లు ముసలివాళ్లయినా శిస్తు రసీదు తాత పేరు మీదే వస్తుంది. తాత పోయాడని కచేరీలో చెప్పడానికి ఏ కొడుక్కీ నోరు రాదు. అలా పట్టాకూ కౌలుకూ చేసిన దస్కతే, సేల్స్ టాక్స్ వచ్చాక దాని కాగితాల మీద కూడా చేశాడు. ఎవరూ అడగలేదు.

ఆ సేల్స్ టాక్స్ దగ్గరే చిక్కు వచ్చి పడింది. ఇల్లు కట్టుకునేవాడు మా గని దగ్గరికి బండి తోలుకొచ్చి తనకు కావలసిన బండలు వేసుకుపోయేవాడు. కందులు ఇంటికొచ్చాక తెచ్చి పోసేవాడు, లేదంటే ఎండాకాలం వచ్చి గనిలో పని చేసిపెట్టేవాడు. దాన్ని అమ్మకమని మేమెవరమూ అనుకోలేదు. టాక్స్ ఆఫీసరు అనుకున్నాడు. గని ఒడ్డున పేర్చినవి, ఊళ్లో అరుగులకూ గడపలకూ పరిచినవి అందాజుగా చూసుకుని, అన్నీ అమ్మినట్టే రాసి పన్ను వేశాడు. పై ఆఫీసరుకు అప్పీలు పెట్టుకుంటే ఆయన కూడా అదే మాట అన్నాడు. పన్ను కట్టకపోతే గని జప్తు. కట్టాలంటే గని అమ్మాలి. ఇక మిగిలింది హైదరాబాద్‌లో ట్రిబ్యునల్ ఒక్కటే.

ట్రిబ్యునల్‌కు అప్పీలు రాసింది మా చిన్నాయిన, అంటే మా నాన్న తమ్ముడు. వికారాబాద్ కోర్టులో ఉర్దూ నడిచిన కాలంలో పేష్కారుగా, అంటే జడ్జికి కాగితాలు అందించే గుమస్తాగా చేశాడు. తర్వాత కొలువు మానుకుని దుకాణదారుల టాక్స్ వ్యవహారాలు చూసేవాడు. నా సంబంధం కుదిర్చింది కూడా ఆయనే కాబట్టి మా మామగారి సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినా మా ఆయన దస్కత్ చేస్తుంటే పక్కనే కూర్చుని సిరా ఆరేదాకా ఊదాడు తప్ప, అది ఎవరి పేరు, ఎవరి చెయ్యి అని ఆలోచించలేదు. ఆయనకూ అది అలవాటే.

కొన్నాళ్లకు ట్రిబ్యునల్ నోటీసు పట్టుకుని ఒక బంట్రోతు సైకిల్ మీద వచ్చాడు. అత్తమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. మా ఆయన గని దగ్గర ఉన్నాడు. బంట్రోతు మామగారి పేరు చదివి, "ఈయన ఉన్నడా?" అని అడిగాడు.

"ఊర్ల లేడు," అంది అత్తమ్మ.

"ఏడికి పోయిండు?"

"బేరం మీద పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు."

ఆమె మాటలో తడబాటు లేదు. బంట్రోతుకు అనుమానం రావడానికి ఏమీ లేదు. అప్పీలుదారు ఊళ్లో లేరు, వ్యాపారం పని మీద వెళ్లారు, వస్తారని భార్య చెప్పింది అని రాసుకుని, ఆమె వేలిముద్ర వేయించుకుని పోయాడు. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. ఆమె అన్నదాంట్లో అబద్ధమేది అని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఆ రాత మీద ట్రిబ్యునల్ వాయిదా ఇచ్చింది. చిన్నాయిన సంతోషపడ్డాడు. వాయిదా దొరికితే కేసు సగం గెలిచినట్టేనని ఆయన లెక్క. రెండోసారి అదే బంట్రోతు వచ్చాడు, అత్తమ్మ అదే చెప్పింది, మళ్లీ వాయిదా వచ్చింది. మూడోసారి మాత్రం సర్కారు తరఫు వకీలు లేచి, ఈ అప్పీలుదారు వెళ్లింది నిజాం జమానాలో అని చెప్పాడట. తాండూరు ఆఫీసులో ఎవరో ఆయన చెవిలో ఊదారు. బెంచి మీద పెద్దాయన కళ్లద్దాలు తీసి చిన్నాయిన వైపు చూశాడట. వచ్చే పేషీకి అప్పీలుదారును తీసుకురండి, లేదా ఆయన చేతిరాతతో కాగితం తీసుకురండి, మనిషి లేకపోతే వారసులను తీసుకురండి, ఏదీ కాకపోతే అప్పీలు కొట్టేస్తాం అన్నాడట.

ఆ మర్నాటి పొద్దున బండికే చిన్నాయిన తాండూరు వచ్చాడు. చంకలో గొడుగు, చేతిలో ట్రిబ్యునల్ రూల్సు ఉన్న ఇంగ్లీషు పుస్తకం. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, అత్తమ్మ లోపల వంటింట్లో ఉండగా మా ఇద్దరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడు బిడ్డా. అప్పీలు వేసెటోడు తానే దస్కత్ చెయ్యాలె. అప్పీలుల రాసింది నిజమని తానే ఒప్పుకోవాలె. తాను రాకుంటే వకీలుకు తన చేత్తోని రాసియ్యాలె. నడుమల తాను పోయిండనుకో, వారసులొచ్చి మేమున్నమని దరఖాస్తు పెట్టాలె. గివీ రూల్సు."

"మనిషి ఉన్నడో పోయిండో తెల్వకుంటే ఏం చెయ్యాలె?" అన్నాను.

ఆయన పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "గది గీ బుక్కుల లేదు," అన్నాడు.

వేరే చట్టంలో ఉందట. ఏడేళ్లపాటు ఒక మనిషి గురించి, కబురు తెలియవలసిన అయినవాళ్లకే ఏ కబురూ తెలియకపోతే, ఆ మనిషి లేనట్టు చట్టం అనుకుంటుందట. శాస్త్రానికి పన్నెండేళ్లు, చట్టానికి ఏడేళ్లు. ఏది లెక్కయినా దాటిపోయింది కాబట్టి పని తేలికైందని మా ఆయన అనుకున్నాడు. చిన్నాయిన గొడుగు కర్రతో నేల మీద గీతలు గీస్తూ తల అడ్డంగా ఊపాడు.

"జర పేచీ ఉన్నది అల్లుడా. గడబిడలనే పోయిండంటే, మరి మొన్న అప్పీలు మీద దస్కత్ చేసింది ఎవలు? సచ్చిపోయినోడు వేసిన అప్పీలు అప్పీలే కాదు. కొత్తది వేద్దామంటే గడువు ఎన్నడో అయిపోయింది. అందుకని ఆయన అప్పీలు వేసే దినం దాక బతికుండాలె. గిప్పుడు మాత్రం లేకుండ పోవాలె."

నేను పదిహేనేళ్లుగా కనబడని మనిషి గురించి వింటున్నానా, నిన్న మొన్నటిదాకా ఇంట్లో ఉండి పోయిన మనిషి గురించి వింటున్నానా అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా స్వభావం.

"చిన్నాయినా, మనిషి ఎన్నిసార్లు సావొచ్చునో గది గూడ రాసిండ్రా గా బుక్కుల?" అన్నాను.

"నా మీద మొరుగుతవేంది? నేను రాసిన్నా?" అన్నాడు ఆయన. "ఒకటే తోవ. మీ అత్త వచ్చి, ఆయన కబురు ఏదీ లేదని చెప్పాలె. సచ్చిండని చెప్పే పని లేదు. ఎప్పుడని చెప్పే పని అసలే లేదు. కబురు లేదు, గంతే. కడమది చట్టం అనుకుంటది. దస్కత్ సంగతి నేను చూసుకుంట."

వినడానికి చిన్న మాటే. ఆ పూట మా ఆయన తల్లి ముందు కూర్చుని అదే అడిగాడు. బతిమాలుతున్నట్టు మొదలుపెట్టి, చివరికి వీధిలోకి వినబడేలా అరిచాడు.

"కబురు లేదని చెప్పమ్మా. ఒక్క మాట. పోయిండని చెప్పమంటలేను."

"కబురు ఉన్నది గద కొడుకా. గుల్బర్గాల చూసిండ్రు."

"ఎవలు చూసిండ్రే? చూసినోడు సచ్చి పదేండ్లాయె!"

"వాడు సస్తే మీ నాయిన సచ్చినట్టా?"

మా ఆయన కండువా దులుపుకుని గనికి పోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మా బతుకు. నాకు మా ఆయన మీద కోపం వచ్చింది, తల్లిని అట్లా అడగవచ్చా అని. కాసేపటికి అత్తమ్మ మీద వచ్చింది, గని పోతే నా పిల్లలు ఏం తింటారో ఆమెకు పట్టదా అని. ఆ వెంటనే చిన్నాయిన మీద, ఆ పుస్తకం మీద, చివరికి కళ్లతో చూడని మా మామగారి మీద కూడా వచ్చింది. బేరానికి పోయే రోజులా అవి? ఎవరి పక్షాన నిలబడాలో తెలియక పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. పొగకని చెప్పుకోవడానికి ఆ పొయ్యి పనికొచ్చింది.

మరో రెండు రోజులకు, కందిపప్పు ఇసురుతూ ఇసుర్రాయికి చెరో వైపు కూర్చున్నప్పుడు నేనే అడిగాను. "అత్తమ్మా, నిజం చెప్పు. మామ వస్తడనే ఉన్నదా నీ మనసుల?"

ఆమె పిడి వదల్లేదు. "మనసుల ఏమున్నదో మనసుకే తెల్వదు పిల్లా. ఒక దినం ఉంటడు, ఒక దినం ఉండడు. గానీ గా మాట నోట్లకెల్లి వస్తే మల్ల లోపటికి పోదు గద."

ఆ మాట విన్నాక ఇక నేను అడగలేదు. మా ఆయన కూడా అడగడం మానేశాడు. గని పోతే పోనీ, కంది చేను ఉంది కదా, దాన్నే నమ్ముకుందాం అన్నాడు. అన్నాడే కానీ, అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అట్లాగే లేచిపోయేవాడు.

పేషీ దగ్గర పడుతుండగా చిన్నాయిన మళ్లీ వచ్చాడు. ఏమీ కుదరలేదని విని, కాసేపు గొణుక్కుని, తిరుగు బండికి లేచాడు. అత్తమ్మ ఆయనకు జొన్నరొట్టె, పుంటికూర తొక్కు పెట్టింది. ఆయన తింటుంటే ఎదురుగా నిలబడి మామూలుగా అడిగింది.

"గని వేలం వేస్తే ఎట్ల వేస్తరు తమ్ముడా?"

"ఎట్లేందక్కా, అందరివి వేసినట్టే. ముందుగాల దండోర వేస్తరు. డప్పు కొట్టుకుంట తిరిగి బాకీదారు పేరు చదువుతరు."

"బాకీదారు ఎవలు?"

"ఎవలేంది? బావనే. కాగితాల ఉన్నది ఆయన పేరే గద."

"యాడ చదువుతరు?"

"గంజిల, గా ధాన్యం బజార్ల చదువుతరు. స్టేషన్ కాడ చదువుతరు. గీ గల్లీల గూడ చదువుతరు."

"సర్కారు పైసలు ఎగ్గొట్టిండని అంటరా?"

చిన్నాయిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "గట్లనే అంటరక్కా," అన్నాడు మెల్లగా.

అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అక్కడే నిలబడి అంది, "గీ బజార్ల ఆయనను దొంగ అన్నోడు ఇంతదాక ఒక్కడు లేడు." ఆ తర్వాత, ఆయన చేతులు కడుక్కుంటుండగా, "ఎప్పుడు రావాలె నేను?" అని అడిగింది.

ఆమె మనిషిని కాపాడుకుంటోందా, పేరును కాపాడుకుంటోందా అని నేను చాలా కాలం తర్జనభర్జన పడ్డాను. పేరును కాపాడాలంటే మనిషిని వదులుకోవాలి. మనిషిని పట్టుకుని ఉంటే పేరు గంజి బజారులో పడి పోతుంది. ఇంత ఘోరమైన బేరం ఏ గని దగ్గరా జరిగి ఉండదు. అయినా ఆమె ఆ పూట మామూలుగానే పాలు పితికింది, మామూలుగానే నన్ను కసిరింది.

పేషీ రోజు పొద్దున మేం ముగ్గురం, నా చంకలో చిన్నవాడితో, తాండూరులో బండి ఎక్కాం. వికారాబాద్‌లో చిన్నాయిన ఎక్కాడు. బండి కదిలింది మొదలు హైదరాబాద్ దాకా అత్తమ్మకు ఒకటే పాఠం. "కబురు లేదు సారు, గంతే అనాలె అక్కా. వాళ్లేమడిగినా గదే." అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ ఊకొట్టింది. ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్లు, ఎవరి కబురమ్మా అని అడిగారు. నేను వినబడనట్టు పిల్లవాడి టోపీ సర్దాను.

ట్రిబ్యునల్ అంటే పెద్ద కచేరీలా ఉంటుందనుకున్నాను. ఒక పొడుగాటి గది, పైన తిరిగే పంకా, ఎత్తు బల్ల వెనక ముగ్గురు. మా పేరు పిలిచారు. మా పేరు అంటే మామగారి పేరే. గుమ్మం దగ్గర జవాను గట్టిగా మూడుసార్లు పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ అత్తమ్మ వసారా వైపు తిరిగి చూసింది. నేను కూడా చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు.

ముందు దస్కత్ సంగతి వచ్చింది. ఇది ఎవరు చేశారని పెద్దాయన అడిగితే మా ఆయన లేచి, "నేనే చేసిన సారు. మా దిక్కు పెద్దమనిషి ఉన్నంతదాక ఆయన పేరే నడుస్తది," అన్నాడు. పెద్దాయన విసుక్కున్నాడు. పక్కనున్న ఇద్దరితో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. చిన్నాయిన చేతులు జోడించి, ఇది దిద్దుకోదగిన లోపం, వారసులు మళ్లీ దస్కత్ చేస్తారు అని విన్నవించాడు. సర్కారు వకీలు లేచి, దిద్దుకోవాలంటే అప్పీలు వేసిననాడు అప్పీలుదారు బతికి ఉండాలి కదా అన్నాడు. చిన్నాయిన ఇంట్లో గీతలు గీసి చెప్పిన పేచీ సరిగ్గా ఇదే.

అప్పుడు పెద్దాయన అత్తమ్మను పిలిచాడు. కుర్చీ చూపిస్తే ఆమె కూర్చోలేదు, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

"అమ్మా, మీ భర్త ఉన్నారా?" అని తెలుగులోనే అడిగాడు.

కబురు లేదు సారు. అంతే అనాలి. చిన్నాయిన పెదాలు ఆ మాటను పలుకుతూనే ఉన్నాయి. అత్తమ్మ ఆయన వైపు చూడలేదు. నేలకేసి చూసింది. అక్కడ కూడా మా దిక్కు బండలే పరిచి ఉన్నాయి.

"లేడు సారు," అంది. "సచ్చిపోయిండు."

చిన్నాయిన కళ్లు మూసుకున్నాడు. మా ఆయన చేతి కింద బల్ల కిర్రుమంది. సర్కారు వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు, ఎప్పుడు పోయారో చెప్పించండి అన్నాడు. గడబిడలో అని ఆమె నోటి నుంచి వస్తే అప్పీలు అక్కడికక్కడే పోతుంది.

"ఎప్పుడు పోయారమ్మా?" అన్నాడు పెద్దాయన.

అత్తమ్మ తల ఎత్తింది. "గది నాకెట్ల తెలుస్తది సారు? తెలిస్తే ఇన్నేండ్లు బొట్టు పెట్టుకుంటనా?"

వకీలు మెల్లగా కూర్చున్నాడు. పెద్దాయన ఆమె నుదుటి వైపు చూసి, కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. వారసులుగా మమ్మల్ని చేర్చుకోవడానికి ఒప్పుకున్నారని, దస్కతులు మళ్లీ చేయనిచ్చారని, కేసు వినడానికి వేరే రోజు ఇచ్చారని బయటికి వచ్చాక చిన్నాయిన చెప్తే తెలిసింది. తర్వాత కేసు విన్నారు, ఆఫీసరు అందాజు చెల్లదని మళ్లీ కిందికే పంపారు. గెలిచామో ఓడామో నాకైతే అర్థం కాలేదు. గని మాత్రం మాకే మిగిలింది, దండోరా పడలేదు.

కానీ ఆ రోజు వసారాలో జరిగింది చెప్పాలి. చిన్నాయిన పట్టలేని సంబరంలో ఉన్నాడు. "అక్కా, గసుంటి జవాబు ఏ వకీలు గూడ చెప్పకపోవు!" అని రెండుసార్లు అన్నాడు. అత్తమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"మరి ఏ దినం పోయిండని రాసుకున్నరు తమ్ముడా?" అని అడిగింది. "ఏటేట తద్దినం పెట్టాలె గద. దినం కావాలె."

"దినం రాయలేదక్కా. కబురు లేని మనిషి ఏ దినం పోయిండో చట్టం చెప్పదు. అడిగిన దినానికి లేడని అనుకుంటది, గంతే."

"అడిగింది ఇయ్యాల గద?"

"ఇయ్యాలనే."

"అంటే పొద్దున దాక ఉన్నట్టేనా?"

చిన్నాయినకు ఇప్పుడు అర్థమైంది. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ట్రిబ్యునల్ ముందు అంత వాదించిన మనిషి నా వైపు చూశాడు.

"చట్టం లెక్కన గట్లనే అక్కా," అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున తాండూరులో ఆమె స్నానం చేసి బొట్టు లేకుండా బయటికి వచ్చింది. చుట్టాలను పిలవనివ్వలేదు. ఏడ్వడానికి వచ్చిన ఆడవాళ్లను గడపలోంచే పంపించేసింది, ఏనాడో చుట్టాలను పంపినట్టే. కర్మ మాత్రం మా ఆయన చేత అన్నీ చేయించింది. ఆ ఉగాదికి ధోవతులు కొనలేదు. అలవాటు ప్రకారం దుకాణం దాకా వెళ్లి, ఊరికే వచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఆమెను చూసి నేను ఏడ్చినంతగా మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఏడాది తిరిగాక పేషీ జరిగిన తిథికే తద్దినం పెట్టాం. బషీరాబాద్ నుంచి కొత్త పంతులు వచ్చాడు, మా సంగతి తెలియనివాడు. దర్భలు సర్దుకుంటూ, జబ్బు చేసి పోయారా, దుర్మరణమా, దాన్నిబట్టి మంత్రం ఉంటుంది అని మా ఆయనను అడిగాడు. మా ఆయన వంటింటి వైపు చూశాడు.

వంటింటి గుమ్మంలోంచి అత్తమ్మ జవాబు చెప్పింది. "జబ్బు లేదు, ఏం లేదు అయ్యగారూ. బాగనే ఉండె. నేను చెప్తె పోయిండు."